ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్స్) టెస్ట్‌కి ఏం చదవాలి?

మా అమ్మకి 46 ఏళ్లు, స్కూటీ నేర్చుకుంటా అంటుంది, విజయవాడలో ఎల్ఎల్ఆర్ స్లాట్ బుక్ చేశాం. కంప్యూటర్ టెస్ట్ అంటే భయపడుతుంది, ఇంగ్లీష్ రాదు. ఎలా ప్రిపేర్ చేయాలి, ఎవరైనా చెప్పండి ప్లీజ్

రిప్లై: తెలుగులో రాయొచ్చు బ్రదర్, భాష సెలెక్ట్ చేసేటప్పుడు చూసుకోండి చాలు. 60 శాతం కరెక్ట్ అయితే పాస్. 40 దాటారు కాబట్టి డాక్టర్ దగ్గర ఫారం 1ఎ (మెడికల్ సర్టిఫికెట్) తప్పకుండా తీసుకోండి.

రిప్లై: సైన్ బోర్డులు బట్టీ పట్టించొద్దు అండి, ఆకారం చెప్పండి. ఎర్ర అంచు గుండ్రం అయితే చేయకూడదు అని, త్రికోణం అయితే ముందు జాగ్రత్త అని, నీలం చతురస్రం అయితే సమాచారం, హాస్పిటల్, పెట్రోల్ బంక్ లాంటివి. అందరూ తడబడేది నో పార్కింగ్, నో స్టాపింగ్ దగ్గర, ఒక గీత ఉంటే పార్కింగ్ వద్దు, ఇంటూ మార్క్ ఉంటే అసలు ఆపనే కూడదు. ఘాట్ రోడ్డులో ఎక్కే బండికే దారి ఇవ్వాలి, ఇదీ చెప్పండి. రోజూ బజారుకి వెళ్లేటప్పుడు బోర్డులు చూపించి అడగండి, అమ్మగారికి బాగా గుర్తుంటాయి.

రిప్లై: పాసయ్యాక ఎల్ఎల్ఆర్ 6 నెలలు ఉంటుంది, 30 రోజుల తర్వాత పర్మనెంట్‌కి అప్లై చేయొచ్చు. ఎల్ బోర్డు, హెల్మెట్ మర్చిపోవద్దు. అమ్మగారికి ఆల్ ది బెస్ట్