బొడ్డు కాడ పుట్టింది పోటా, పాటా?

బ్రాడీపేట: మా అమ్మమ్మది పల్నాడు. పిల్లలం కడుపునొప్పి అంటే ఒక మాట అనేది: "బొడ్డు కాడ పుట్టిన పోటు పొత్తిలోకి దిగితే..." తర్వాతది గుర్తు రావడం లేదు. మొన్న మా అక్క కొడుక్కి కుడివైపు పొత్తికడుపులో నొప్పి వచ్చి ఆపరేషన్ దాకా వెళ్ళింది. అప్పటి నుంచి ఈ సగం మాట నన్ను వదలడం లేదు. ఎవరికైనా పూర్తిగా తెలుసా? 'పోటు' అందో 'పాటు' అందో కూడా అనుమానమే.

బాపట్ల: పోటేనండి. ఆటుపోట్లలో పోటు. పొంగి వచ్చి, తగ్గి, మళ్ళీ వచ్చే నొప్పి అది. సముద్రం పక్కన పుట్టినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

తెనాలి: పల్నాటి ముసలమ్మకు సముద్రంతో ఏం పని? పొడుచు, పోటు. కత్తిపోటు, తలపోటు, గుండెపోటు అన్నీ పొడిచేవే. సంస్కృతంలో శూల కూడా అంతే, ఆయుధం పేరే నొప్పికి పెట్టారు.

మాచర్ల: మావైపు నేను విన్నది పాటు. పడు నుంచి పాటు. వెనకే 'దిగితే' అని ఉంది, చూడండి. పైన పుట్టి కిందికి పడే నొప్పి. పొడిచేది దిగబడుతుంది గానీ ఒకచోట పుట్టి ఇంకోచోటికి దిగదు.

గవర్నర్‌పేట: వైద్యుడిగా ఒక మాట. ఏ అక్షరమైనా ఆ పెద్దావిడ గమనించింది నిజం. ఉండుకం, అంటే అపెండిక్స్, వాచినప్పుడు చాలామందికి నొప్పి ముందు బొడ్డు చుట్టూ వస్తుంది, ఎక్కడో వేలు పెట్టి చూపించలేరు. లోపలి పేగు నుంచి వచ్చే నరాలు చోటును కచ్చితంగా చెప్పలేవు. కొన్ని గంటలకు వాపు పొట్ట లోపలి పొరకు తగిలాక, నొప్పి కుడివైపు కిందికి చేరి ఒకచోట నిలుస్తుంది. తుంటి ఎముక ముందు మొన నుంచి బొడ్డుకు గీత గీస్తే, ఎముక వైపు నుంచి మూడోవంతు దూరంలో. 1889లో మెక్‌బర్నీ చెప్పిన చోటు అది. ఆకలి చచ్చిపోతుంది, వాంతి, కొద్దిగా జ్వరం ఉంటాయి.

తెనాలి: డాక్టరుగారూ, ఉండుకం అంటే పెద్దపేగు మొదట్లో ఉండే సంచి. మీరు చెప్పేది దాని తోక, ఉండుకపుచ్ఛం.

గవర్నర్‌పేట: ఓపీలో ఆ రెండు మాటలూ వినపడవు మాస్టారూ. "ఇరవై నాలుగ్గంటల నొప్పి" అంటారు.

బ్రాడీపేట: అమ్మమ్మ మాట చివర ఇదే ఉందేమో!

తెనాలి: ఉండదు. ఆ తరానివి గడియలు, జాములు. గంటల లెక్క తర్వాతది.

గవర్నర్‌పేట: ఆ పేరు విని 24 గంటలు గడువు ఉందనుకునేవాళ్ళు ఉన్నారు. లేదు. ఆలస్యమయ్యే కొద్దీ పగిలే ప్రమాదం పెరుగుతుంది. నొప్పి ఉన్నట్టుండి తగ్గినా నమ్మకూడదు, పగిలినప్పుడు కూడా కాసేపు తగ్గుతుంది.

సత్యనారాయణపురం: అందరూ పోటు దగ్గరే ఆగారు, పొత్తిని వదిలేశారు. పొత్తిగుడ్డలు, పొత్తిళ్ళు, పొత్తికడుపు ఒకటే అని నా నమ్మకం. బిడ్డను పొదివిపట్టుకునే చోటు. మా అమ్మ తరంలో ఆడవాళ్ళు పొత్తికడుపు నొప్పి అన్నారంటే ముట్టునొప్పే అనుకునేవాళ్ళు, ఇంకేం అడిగేవాళ్ళు కాదు. మా పిన్నికి అండాశయం మెలిపడితే వాము నీళ్ళు తాగించి పడుకోబెట్టారు. మాట ఒకటే అయ్యేసరికి రోగం కూడా ఒకటే అనుకున్నారు.

గవర్నర్‌పేట: చాలా ముఖ్యమైన మాట అన్నారమ్మా. నెల తప్పి, పొత్తికడుపులో ఒకవైపు నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే గర్భం గర్భసంచిలో కాక అండం వచ్చే గొట్టంలో నిలిచిందేమో చూడాలి. అప్పుడు క్షణం ఆగకూడదు.

మాచర్ల: పొత్తికడుపు మగవాళ్ళకూ ఉంది కదమ్మా, పొత్తిళ్ళతో ఎలా కలుపుతారు? మా నాన్నకు రోహిణి కార్తెలో నడుం పక్కన మొదలై గజ్జల్లోకి దిగింది. వేడి చేసిందని సబ్జా నీళ్ళు ఇచ్చాం. స్కానింగ్‌లో రాయి. అదీ దిగే నొప్పే. అంటే పాటే.

బాపట్ల: రాయి నొప్పి తెరలు తెరలుగా వస్తుంది. అంటే పోటే!

తెనాలి: వేడి అన్నారు కాబట్టి అడుగుతున్నా. శ్రీనాథుడిదని చెప్పుకునే పల్నాటి చాటువులో "తింత్రిణీ పల్లవయుక్తమౌ నుడుకు బచ్చలి శాకము" ఉంది కదా, ఆ ఉడుకు ఏమిటి? బచ్చలి ఒంటికి చలవ. ఉడుకు అంటే ఉడికించినదనే నేను చెప్పుకుంటాను.

మాచర్ల: కాదండి. పొయ్యి మీంచి అప్పుడే దించిన ఉడుకు. దావాగ్ని మింగిన కృష్ణుణ్ణి కదా సవాలు చేస్తున్నాడు! చింతచిగురు, బచ్చలి, జొన్నకూడు. ఆ ముద్ద గొంతు దిగడం ఏమిటో మా ఊళ్ళో పుట్టినవాడికి తెలుస్తుంది. "మెల్లగ నొక్క ముద్ద" అన్నాడు, పద్యం ప్రాణమంతా ఆ 'మెల్లగ'లో ఉంది.

తెనాలి: 'పస'లో ఉంది. "నీ పస కాననయ్యెడిన్" తీసేస్తే అది వంటకం పద్యమే.

సత్యనారాయణపురం: శ్రీనాథుడు ఎక్కడికీ పోడు. అమ్మాయి అడిగింది 'దిగితే' తర్వాత ఏముందని.

బ్రాడీపేట: పిడుగురాళ్ళలో మా పెద్దమ్మ ఉంది. సాయంత్రం ఫోన్ చేసి అడుగుతాను.

మాచర్ల: మీరు పోటనీ పాటనీ అందించకండి. పిల్లవాడి నొప్పి సంగతి చెప్పి ఊరుకోండి, ఆవిడే అంటుంది.