తల్లికి హెచ్‌ఐవీ ఉంటే, నెగెటివ్ వచ్చిన బిడ్డకు కూడా ధ్యాస పరీక్ష చేయాలా?

బొబ్బిలి టీచర్: నేను అంగన్‌వాడీలో 11 ఏళ్లుగా చేస్తున్నాను. తల్లి మందులు వాడటం వల్ల హెచ్‌ఐవీ సోకని పిల్లలు మా సెంటర్లో ఇద్దరున్నారు. ఒకడికి మూడేళ్లు. బొమ్మల పుస్తకం తెరిస్తే రెండో పేజీకే చూపు గుమ్మం వైపు పోతుంది. ఉగాండాలో ఇలాంటి చిన్నపిల్లలకు తెర మీద బొమ్మల వీడియో పెట్టి, చూపు ఎంతసేపు నిలిచిందో కెమెరాతో లెక్కకట్టారు. మన దగ్గరా చేయాలి.

రాజాం అమ్మ: ఆ ఇద్దరి సంగతి మీకెలా తెలిసింది?

ల్యాబ్ తమ్ముడు: ఆరు వారాలకు మడమ నుంచి రక్తపు చుక్కలు తీస్తాం, 18 నెలలకు ఆఖరి టెస్టు. నెగెటివ్ వస్తే అందరం ఊపిరి పీల్చుకుంటాం, అంతే. చదువులో వెనకబడితే అప్పుడు చూద్దాం అంటారు. టీచర్ గారిది న్యాయమైన మాట.

పాలకొండ నాన్న: మూడేళ్ల గుంటడు పుస్తకం ఎందుకు చూస్తాడండీ? మావాడూ అంతే. మాకే జబ్బూ లేదు.

బొబ్బిలి టీచర్: అందుకే కదండీ పరీక్ష కావాలంటున్నాను! అల్లరి ఏదో, వెనకబాటు ఏదో కంటితో తేలదు.

రాజాం అమ్మ: నా ప్రశ్నకు జవాబు రాలేదు.

ల్యాబ్ తమ్ముడు: అక్కా, ఆ ఒక్క ముక్కే పట్టుకుంటే ఎలా?

రాజాం అమ్మ: నేనూ అలాంటి తల్లినే తమ్ముడూ. ఆరు వారాలు, హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే నెవిరపిన్ సిరప్ సిరంజితో కొలిచి పాప నోట్లో వేశాను. టెస్టు నెగెటివ్. అయినా ఎవరో చెవిన వేశారు. సెంటర్లో అందరికీ స్టీలు పళ్లెం, నా బిడ్డకు విస్తరాకు. పప్పన్నం కారిపోయి గౌనంతా పసుపు. తక్కువ బరువుతో పుట్టినా, నెలలు నిండకపోయినా, ఇంట్లో తిండి సరిపోకపోయినా ఎదుగుదల మందగిస్తుంది. వాళ్లందరినీ వదిలేసి మా పిల్లల్నే ఎందుకు ఏరాలి?

బొబ్బిలి టీచర్: ఏఎన్ఎం చెప్పింది. నేను ఎవరికీ చెప్పలేదమ్మా.

రాజాం అమ్మ: ఇక్కడ రాశారుగా. మీ పేరులో ఊరుంది. మూడేళ్ల మగపిల్లాడు, గుమ్మం వైపు చూస్తాడు. మీ వీధివాళ్లకు ఇంకేం కావాలి? తల్లి ఒప్పుకోకుండా బయటపెట్టకూడదని 2017లో చట్టమే వచ్చింది.

పాలకొండ నాన్న: నిజమే. నాకూ తట్టలేదు.

ల్యాబ్ తమ్ముడు: అయితే మూడేళ్ల పిల్లలందరికీ చేయమందాం. తేడా ఉంటే జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీకి, అంటే పిల్లల ఎదుగుదల లోపాలను ముందుగా గుర్తించి చూసే కేంద్రానికి పంపొచ్చు.

బొబ్బిలి టీచర్: పోస్టు తీసేయమని అడ్మిన్‌కు రాశాను. తప్పే. కానీ ఆ బాబును అలా వదిలేయనా?

రాజాం అమ్మ: వదలొద్దు మేడం. వాళ్లమ్మతో పుస్తకం సంగతి చెప్పండి. జబ్బు మాట ఎత్తకండి.