ఒంగోలు, నెల్లూరు వైపు తక్కువ నడకతో చేరే క్లైంబింగ్ బండలు వెతికేదెలా?

ఒంగోలు_తాడు:
పొద్దున్నే ఒంగోలులో బయల్దేరి మధ్యాహ్నానికి ఇల్లు చేరాలి. మొత్తం నలుగురం. ఒకరికి మోకాలి నొప్పి, ఇంకొకరు పదేళ్ల పాప. బండి ఆపిన చోటి నుంచి బండ దగ్గరికి 20 నిమిషాల నడక మించకూడదు. 60 మీటర్ల తాడు, రెండు క్రాష్ ప్యాడ్లు (పడితే దెబ్బ తగలకుండా కింద పరిచే మందపాటి పరుపులు) ఉన్నాయి. శాటిలైట్ మ్యాపులో రోడ్డు పక్కనే ఉన్నట్టు కనబడేవి తీరా వెళ్తే దారే ఉండటం లేదు. ఇంట్లో కూర్చునే తేల్చుకోవచ్చా?

డొంకదారి:
చాలావరకు తేల్చుకోవచ్చండీ. దూరం కంటే ముందు రాయి ఏదో చూడండి. కనిగిరి చుట్టూ ఉన్నది గ్రానైట్. గుండ్లు, బండలు పొలాల మధ్య నుంచే లేస్తాయి కాబట్టి మీకు పనికొచ్చేది అదే. వెలిగొండల్లో క్వార్ట్‌జైట్ గట్టిదే అయినా నిటారు భాగం కొండ పైఅంచున ఉంటుంది, కింద అంతా అడవి. ఉదయగిరి దుర్గం లాంటిది ఎక్కడమే ఒక పూట పని. గూడూరు వైపు అభ్రకం ఉన్న రాయి పొరలుగా ఊడుతుంది, దాన్ని నమ్మొద్దు. జియలాజికల్ సర్వే వారి భూకోశ్ మ్యాపులో ఏ ఊళ్లో ఏ రాయో ఉచితంగా చూడొచ్చు.

ఇక దారి. గూగుల్ ఎర్త్ ప్రోలో పాత చిత్రాలు తెరిచి ఏప్రిల్, మే నెలల్లో తీసింది వెతకండి. ఎండాకాలంలో కూడా చెరువుకు దూరంగా, వరుస లేకుండా పచ్చగా కనబడేది దాదాపు చిల్లకంపే (సర్కారు తుమ్మ ముళ్లపొదలు). మ్యాపులో 200 మీటర్లే అయినా కంపలో అరగంట పడుతుంది, ప్యాడ్లతో అయితే అదీ చాలదు. బండ దాకా చెరువు కట్టో, డొంకో, గుడి మెట్లో ఉంటేనే లెక్కలోకి తీసుకోండి. ఆ గుడి ఉన్న బండ మీద మాత్రం ఎక్కొద్దు, పక్క గుండ్లు చూసుకోండి.

గుండ్లకమ్మ:
నడక లెక్క ఇది: చదునులో కిలోమీటరుకు 12 నిమిషాలు, పైకి ఎక్కే ప్రతి 100 మీటర్లకు ఇంకో 10. మోకాలి నొప్పి, పాప, సామాను ఉన్నాయి కాబట్టి వచ్చినదానికి సగం కలపండి. అంటే మీ 20 నిమిషాలకు 700 మీటర్ల దూరం, 40 మీటర్ల ఎత్తు మించితే కుదరదు.

చాలామంది మరిచేది ఇంకొకటి ఉంది. టాప్‌రోప్ (బండ పైన కట్టి కిందికి వేలాడదీసే తాడు) వేయాలంటే నడిచి బండ పైకి చేరాలి. ఒకవైపు నిటారుగా, వెనకవైపు వాలుగా ఉన్న బండనే ఎంచుకోండి. నాలుగు వైపులా నిటారైతే అడుగున ఎంత దగ్గరైనా లాభం లేదు. 60 మీటర్ల తాడును మధ్యకు మడిస్తే 30, అందులో 25 మీటర్లు మించిన గోడ పెట్టుకోకండి, తాడు చివర ముడి తప్పనిసరి. యాంకర్‌కు, అంటే పైన తాడును బిగించే కట్టుకు, విడిగా 20 మీటర్ల స్టాటిక్ తాడు (సాగనిది) తీసుకెళ్లండి. కదలని పెద్ద గుండ్లు రెండింటికి వేరువేరుగా కట్టాలి. బండ మీద మొలిచిన చెట్టుకు వేరు లోతుండదు, దానికి కట్టొద్దు. అంచు మీద తాడు కింద గోనెపట్టా నాలుగు మడతలు వేయండి.

ఒంగోలు_తాడు:
థాంక్స్ అన్నా. ఎత్తు టోపోషీట్‌లో (ఎత్తు గీతలున్న సర్వే మ్యాపు) చూస్తే సరిపోతుందా?

గుండ్లకమ్మ:
కొండ ఎంత ఎక్కాలో తెలుసుకోడానికి సరిపోతుంది. 1:50,000 షీట్లో గీతకూ గీతకూ మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు, 12 మీటర్ల గుండు ఆ మధ్యలోనే మాయమవుతుంది. గూగుల్ ఎర్త్ కూడా నిటారు గోడను వాలుగా సాగదీసి చూపిస్తుంది. గుండు ఎత్తుకు నీడ చూడండి, రోడ్డు మీద స్ట్రీట్ వ్యూ ఉంటే ఇంకా మంచిది.

పెన్నాతీరం:
మొదటిసారి సామాను లేకుండా ఇద్దరు వెళ్లి చూసి రండి. గుప్పిటతో బండను తట్టండి, డొల్ల శబ్దం వస్తే ఆ పెచ్చు ఊడేదే. ముందుకు వంగిన రాతి కింద నల్లగా అర్ధచంద్రంలా వేలాడేవి పెద్ద తేనెపట్లు. అవి కనబడితే ఆ వైపే వదిలేయండి, తాడు మీద ఉన్నప్పుడు ఈగలు లేస్తే దిగేలోపే ముసురుకుంటాయి. చీమకుర్తి క్వారీ గోడలు నున్నగా ఊరిస్తాయి గానీ పేలుళ్లకు లోపల బీటలిచ్చి ఉంటాయి, పైగా లీజు భూములు. భైరవకోన గుహాలయాల రాతిని ముట్టుకోవద్దు. పెంచలకోన వైపు అభయారణ్యం, అటవీశాఖ అనుమతి కావాలి. పట్టా పొలం గుండా దారి అయితే రైతును అడిగి, కంచె తీస్తే మళ్లీ మూసి వెళ్లండి.

డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఆ నెలల్లో ఉత్తరం వైపు ముఖం రోజంతా నీడలోనే ఉంటుంది. మార్చి నుంచి మాత్రం తొమ్మిదిన్నరకల్లా బండ దిగిపోవాలి.