మిర్చి నిల్వల ఆడిట్: 60 టిక్కీలు విప్పి 4,000 టిక్కీల విలువ కట్టవచ్చా?

యార్డు పాతకాపు, గుంటూరు
మా భాగస్వామ్య సంస్థకు కోల్డ్ స్టోరేజీలో 4,000 టిక్కీల (బస్తాల) తేజ రకం మిర్చి ఉండేది. మార్చి 31 లెక్కలకు వచ్చిన ఆడిటర్ 60 టిక్కీలు విప్పించారు. ఆరింటిలో తాలు (రంగు పోయిన నాసి కాయ) ఎక్కువగా ఉందని మొత్తం నిల్వ విలువలో 5 శాతం కోసేశారు. నేను సంస్థ నుంచి బయటికి వచ్చిన ఏడాది అది. నా వాటా ఆ మేరకు తగ్గింది. మిగిలిన 3,940 టిక్కీల ముఖం ఎవరూ చూడలేదు. చూడని సరుకుకు ధర కట్టడం శాస్త్రమా?

గవర్నర్‌పేట ఆడిటర్, విజయవాడ
శాస్త్రమే. నమూనాలో దొరికిన తేడాను మొత్తానికి వర్తింపజేసి చూడాలని ఆడిట్ ప్రమాణం ఎస్‌ఏ 530 చెబుతోంది. ఆరింటికే తగ్గించి మిగతావన్నీ బాగున్నాయనుకుంటే, అదీ చూడకుండా ధర కట్టడమే కదా! 60 కూడా గాలిలో పుట్టిన అంకె కాదు. నిల్వ విలువ 2 కోట్లు, సహించగల తప్పు 10 లక్షలు, తప్పులు ఉండవని అంచనా, 95 శాతం నమ్మకం కావాలి అనుకోండి. రూపాయల వారీ నమూనాలో, అంటే టిక్కీని కాక ప్రతి రూపాయినీ ఒక యూనిట్‌గా చూసే పద్ధతిలో, 2 కోట్లను ఆ నమ్మకానికి వాడే గుణకం 3తో గుణించి 10 లక్షలతో భాగిస్తే 60. టిక్కీల సంఖ్య ఆ లెక్కలోకే రాదు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలు.

కృష్ణలంక
టిక్కీ బరువు ఎంత పట్టారు? 40 కిలోలా, 45 కిలోలా? ముందు అది తేల్చండి.

యార్డు పాతకాపు, గుంటూరు
బరువు గురించి నాకు తగాదా లేదు. కుండలో అన్నాన్ని గరిటెతో కలుపుతారు, చాంబర్‌లో టిక్కీలను ఎవరు కలుపుతారు? తొలి కోత కాయ ఒక వరుసలో ఉంటుంది, చివరి కోత కాయ మరో వరుసలో. తాలంతా చివరి కోతలోనే. ముప్పై ఏళ్లు మచ్చు చూసి సరుకు కొన్నవాణ్ణి, నాకు మెతుకు పాఠాలు చెప్పకండి.

అరండల్‌పేట
ఇంకో మాట. అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 2 ప్రకారం కొన్న ధర, ఖర్చులు పోను అమ్మితే వచ్చే ధర, ఈ రెండింటిలో తక్కువదే విలువ. తాలు ఉన్నా అమ్మకం ధరే ఎక్కువైతే తగ్గించే పనే లేదు. అది ఎవరైనా చూశారా?

గవర్నర్‌పేట ఆడిటర్, విజయవాడ
కోతలు వేరైతే లాట్ల వారీగా విడదీసి నమూనా తీస్తాం. ఆ పద్ధతి ఉంది. వాటా తగ్గిన ప్రతివారూ గణితాన్ని తిడితే మేము ఆడిట్ ఎలా చేయాలి?

యార్డు పాతకాపు, గుంటూరు
గణితాన్ని తిట్టానా? ఆ 60 టిక్కీలను బయటికి తీయించింది నా భాగస్వామి గుమాస్తా! మా ఆడిటర్ కుర్చీలో కూర్చున్నారు, హమాలీలు తలుపు దగ్గరి వరుసల నుంచి మోసుకొచ్చారు. నేను అడ్డు చెబితే "ఇది గణాంక పద్ధతి, మీకు తెలియదు" అని నోరు మూయించారు. ఆ మాట ఇప్పటికీ మరచిపోలేకపోతున్నాను.

లెక్కల మాస్టారు, తెనాలి
ఇది మొదటే చెప్పవలసింది. పైగా తప్పులు ఉండవనుకుని తీసిన 60 అది. ఆరు దొరికాక ఆ 60 చాలదు, ఇంకా విప్పాలి. నమూనాను బట్టి వేసిన అంచనా తప్పు ఏపాటిదో తెలుసుకోవడానికే తప్ప, ఖాతాలో రాయవలసిన మొత్తాన్ని తేల్చడానికి అది చాలకపోవచ్చని ఎస్‌ఏ 530 వివరణలోనే ఉంది. ఒకరి వాటాను దానితో కోయడం అన్యాయం.

గవర్నర్‌పేట ఆడిటర్, విజయవాడ
ఒప్పుకుంటాను. ఆ టిక్కీల లాట్ నంబర్లు మీ దగ్గర ఉన్నాయా?

యార్డు పాతకాపు, గుంటూరు
ఉన్నాయి. మొత్తం తొమ్మిది లాట్లు. 60లో 48 టిక్కీలు ఒకే లాటువి, చివరి కోతవి.

గవర్నర్‌పేట ఆడిటర్, విజయవాడ
అయితే దాన్ని గణాంక నమూనా అనడానికి వీల్లేదు. మిగతా ఎనిమిది లాట్లు అమ్మిన బిల్లులు తీసి పెట్టండి. వచ్చే వారం గుంటూరు వస్తాను, కలిసి చూద్దాం.