ఎంఎస్‌లో వాపు ప్రక్రియను చూడటానికి పెట్ స్కాన్: విశాఖలో ఎవరైనా తీయించారా?

కంచరపాలెం వాసి
అందరికీ నమస్కారం. మా అక్కకు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్), అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తే మెదడు, వెన్నుపాము నరాల మీది పొరను దెబ్బతీసే జబ్బు. కొంతకాలంగా కొత్త అటాకులేమీ లేవు. తాజా ఎమ్మారై రిపోర్టులో కొత్త మచ్చలు లేవని, కాంట్రాస్టు (స్కాన్‌కు ముందు నరానికి ఎక్కించే మందు) పట్టిన మచ్చ ఒక్కటీ లేదని రాశారు. మనిషి మాత్రం కళ్లెదుటే నెమ్మదిస్తోంది. జగదాంబ నుంచి పూర్ణా మార్కెట్ దాకా ఆగకుండా నడిచే అక్క ఇప్పుడు మధ్యలో ఏదో ఒక గోడ పట్టుకుని నిలబడుతోంది. ఎడమ కాలి చెప్పు బొటనవేలి దగ్గర ఒక్కచోటే అరిగిపోయింది. మెదడులో వాపు ప్రక్రియను పెట్ స్కాన్‌తో చూడవచ్చని చదివాను. ఆ స్కాన్ మన ఊళ్లోనే ఉంది కదా, తీయించమంటారా? ఉపయోగం ఉంటే ఖర్చుకు వెనకాడము.

అణుచిత్రం
నేను న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టుని. దయచేసి ఇందుకోసం డబ్బు పెట్టకండి. మీరు చదివిన పెట్ వేరు, ఇక్కడ తీసే పెట్ వేరు. యంత్రం ఒకటే, రోగికి ఎక్కించే మందు వేరు. క్యాన్సర్ రోగులకు ఇచ్చేది ఎఫ్‌డీజీ, అంటే రేడియోధార్మికత ఉన్న గ్లూకోజ్ లాంటి పదార్థం. శరీర బరువులో మెదడు 2 శాతమే అయినా శరీరం వాడే శక్తిలో సుమారు 20 శాతం దానికే కావాలి. అందుకే ఎఫ్‌డీజీ ఇస్తే ఆరోగ్యవంతుడి మెదడు కూడా మొత్తం వెలిగిపోతుంది. ఆ వెలుగులో ఎంఎస్ మచ్చ చుట్టూ ఉన్న కాస్త వాపును పట్టుకోలేం.

ఎంఎస్ పరిశోధనల్లో వాడే ట్రేసర్లు, అంటే స్కాన్‌లో వెలిగే రేడియోధార్మిక మందులు, టీఎస్‌పీఓ అనే ప్రోటీన్‌కు అతుక్కుంటాయి. మెదడులోని రోగనిరోధక కణాలైన మైక్రోగ్లియాలు పెరిగిన చోట ఆ ప్రోటీన్ ఎక్కువ. మొదట్లో వచ్చిన పీకే11195, తర్వాతి పీబీఆర్28 రెండింటినీ ఎక్కువగా కార్బన్-11తో తయారు చేస్తారు. దాని అర్ధాయువు, అంటే రేడియోధార్మికత సగానికి తగ్గే సమయం, సుమారు 20 నిమిషాలే. మద్దిలపాలెంలో తయారు చేసి గాజువాకకు బస్సులో పంపితే, చేరేసరికి పావు వంతు మిగిలితే గొప్ప. స్కానర్ పక్కనే ఆ కార్బన్-11ను తయారు చేసే యంత్రం, సైక్లోట్రాన్, ఉండాలి. ఫ్లోరిన్-18తో చేసినవి 110 నిమిషాల అర్ధాయువుతో కాస్త నిలుస్తాయి. ఏదైనా ఇది పరిశోధనశాలల పనే, మామూలు వైద్యంలో భాగం కాలేదు.

ఎంవీపీ టీచర్
తమ్ముడూ, నాదీ మీ అక్క కథే. రిపోర్టులో 'స్థిరంగా ఉంది' అని చదివి ఇంట్లోవాళ్లు సంతోషపడుతుంటే, నా నడక గురించి చెప్పుకోవడానికే మొహమాటపడ్డాను. అక్క చెబుతున్నది నమ్మండి. అన్నిటికంటే ముందు ఆమెకు కావలసింది అదే.

ఒక్కటి గమనించండి. మన ఉక్కపోతకు ఒళ్లు వేడెక్కితే పాత లక్షణాలే తిరగబెడతాయి, చల్లబడితే తగ్గుతాయి. మే నెలలో మధ్యాహ్నం నడకను చూసి జబ్బు ముదిరిందనుకోవద్దు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కూడా కాలు ఈడుస్తోందా అన్నది చూడండి.

కంచరపాలెం వాసి
పొద్దున్న కూడా ఈడుస్తోందక్కా. అయితే ఎమ్మారై తప్పు చూపిందనుకోవాలా?

పరిశోధక విద్యార్థిని
తప్పు చూపలేదండీ. గాడోలినియం కాంట్రాస్టు మెదడులోకి ఇంకాలంటే రక్తనాళాల దగ్గరి అడ్డుగోడ తెగాలి. కొత్త మచ్చ పుట్టినప్పుడు కొన్ని వారాల పాటు అలా తెగి ఉంటుంది. తర్వాత గోడ మూసుకుపోయినా, పాత మచ్చ అంచుల్లో మైక్రోగ్లియాలు ఏళ్ల తరబడి రగులుతూనే ఉండవచ్చు. అటాకులు లేకుండానే బలహీనత పెరగడానికి ఇదొక ముఖ్య కారణమని ఇప్పుడు భావిస్తున్నారు. కాంట్రాస్టుకు కనిపించని ఆ భాగాన్ని చూడటానికే పెట్ పరిశోధనలు మొదలయ్యాయి. ఫిన్లాండ్‌లోని టుర్కు బృందం పీకే11195తో రోగులను స్కాన్ చేసి, సుమారు 4 ఏళ్లు గమనించి 2020లో ఫలితాలు ప్రచురించింది. ఎమ్మారైలో మామూలుగా కనిపించే తెల్లపదార్థంలోనూ (మెదడులో నరాల తీగలుండే భాగం), మచ్చల అంచుల్లోనూ ఈ సంకేతం ఎక్కువగా ఉన్నవారిలో, అటాకులతో పని లేకుండానే జబ్బు ముదిరింది.

నాకు ఈ రంగం మీద ఎంతో ఆశ ఉంది. అయినా రెండు చిక్కులు చెప్పాలి. టీఎస్‌పీఓ జన్యువులో ఒక్క అక్షరం తేడా వల్ల కొందరిలో పీబీఆర్28 లాంటి ట్రేసర్లు సరిగా అతుక్కోవు. అందుకే స్కాన్‌కు ముందు జన్యుపరీక్ష చేస్తారు. రెండోది ఇంకా పెద్దది. ఎలుకల్లో మైక్రోగ్లియా రెచ్చిపోతే ఈ ప్రోటీన్ పెరుగుతుంది. మనుషుల్లో అది ఆ కణాలు ఎన్ని ఉన్నాయో చెబుతుందే తప్ప, అవి హాని చేస్తున్నాయో మరమ్మతు చేస్తున్నాయో చెప్పదని 2023లో ఒక అధ్యయనం తేల్చింది. కాబట్టి ఒక్క మనిషి స్కాన్ చూసి మందు మార్చే దశ ఇంకా రాలేదు.

కంచరపాలెం వాసి
మరి మాకు అందుబాటులో ఏముంది?

అణుచిత్రం
ఎమ్మారైలోనే ఎస్‌డబ్ల్యూఐ అనే సీక్వెన్సు, అంటే ఇనుము లాంటివి బాగా కనిపించేలా బొమ్మలు తీసే పద్ధతి, ఉంది. మచ్చ అంచున చేరిన మైక్రోగ్లియాల్లో ఇనుము పేరుకుంటే అది నల్లటి వలయంలా కనిపిస్తుంది. అయస్కాంత శక్తి ఎక్కువగా ఉండే 3 టెస్లా యంత్రమైతే మేలు. వలయం కనిపించనంత మాత్రాన వాపు లేదని అర్థం కాదు. కనిపిస్తే మాత్రం న్యూరాలజిస్టు తప్పక పట్టించుకోవాలి. అసలు మీ పాత స్కాన్‌లోనే అది తీసి ఉండవచ్చు. అడగకపోతే అంచుల గురించి రిపోర్టులో రాయరు. ఫిల్ము చాలదు, సీడీ చూడండి.

ఎంవీపీ టీచర్
నేల మీద 25 అడుగులు కొలిచి గీత గీయండి. అక్క ఎన్ని సెకన్లలో నడుస్తోందో నెలకోసారి, అదే వేళకు రాసి పెట్టండి. డాక్టర్లు క్లినిక్‌లో చేసే పరీక్ష కూడా ఇదే. మాటల్లో చెప్పినప్పటికంటే ఆ కాగితం చూపినప్పుడే మా డాక్టరు గారు నాకు ఎక్కువ సమయం ఇచ్చారు. అలాగే 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఎంఎస్ కూడా ఉంది. సదరం ధ్రువపత్రం గురించి కనుక్కోండి.

కంచరపాలెం వాసి
సీడీ తెరిచాను. ఎస్‌డబ్ల్యూఐ ఉంది! రిపోర్టులో దాని ఊసే లేదు. బొమ్మలు చూసి నేనేదో ఊహించుకోను. వచ్చే వారం డాక్టరు గారి దగ్గరికి సీడీ, 25 అడుగుల కాగితం రెండూ పట్టుకెళ్తాం. పెట్ స్కాన్ ఆలోచన మానుకున్నాను. ఆ డబ్బు అక్క ఫిజియోథెరపీకి.