సీహెచ్25 కుర్చీ అల్లిక తెగింది. కొనవచ్చా?

సందేహం: మేం డెన్మార్క్‌లో ఆర్హస్‌లో ఉంటాం. పాత సామాన్ల షాపులో హాన్స్ వేగ్నర్ డిజైన్ చేసిన సీహెచ్25 కుర్చీ చూశాను. ఓక్ చెక్క గట్టిగానే ఉంది. సీటు వదులైంది, ముందు అంచున రెండు వరసలు తెగాయి. అల్లింది కాగితపు తాడుతోనట, మా ఆవిడ వద్దంటోంది. ఇంత పాత మోడల్‌కి అంత రేటెందుకు?

జవాబు: కాగితమని భయపడకండి. మైనం పట్టించి మూడు పేటలుగా పేనిన తాడది, ఏళ్ల తరబడి ఆగుతుంది. యుద్ధకాలంలో సముద్రపు గడ్డి దొరక్క దానికి బదులుగా వాడుకలోకి వచ్చింది. 1950లో వచ్చిన ఈ కుర్చీలో వేగ్నర్ సీటూ వీపూ రెండూ దానితోనే అల్లించాడు. ఒక్కో కుర్చీకి దాదాపు 400 మీటర్లు, చేయి తిరిగిన పనివాడికి 10 గంటల పని. రేటంతా అక్కడే ఉంది. కార్ల్ హాన్సెన్ కంపెనీ ఇప్పటికీ చేస్తోంది. వెనక నుంచి చూసినా అల్లిక అంత అందంగా కనబడుతుంది కాబట్టి గోడకి ఆనించక్కర్లేదు, హాలు మధ్యలో వేసుకోవచ్చు. నాకైతే అన్నిటికన్నా నచ్చేది అదే.

సందేహం: మన నులక మంచంలా బిగించుకోలేమా అండీ?

జవాబు: లేదండీ. నులక మంచానికి కాళ్ల వైపు బిగించడానికి విడిగా తాడుంటుంది, దీనికి అదేమీ లేదు. తెగిందంటే సీటు మొత్తం కొత్తగా అల్లించాల్సిందే.

మరో సభ్యురాలు: ప్లాస్టిక్ వైరుతో అల్లిస్తే చవక కదా అన్నయ్యా?

జవాబు: వద్దమ్మా. కూర్చుంటే ఒళ్లంతా చెమట, పైగా కుర్చీ విలువ పోతుంది. మీ ఊళ్లోనే కాగితపు తాడు అల్లేవాళ్లు దొరుకుతారు. ముందు వాళ్లకి ఫోటో పంపి ఖర్చు కనుక్కోండి, ఆ మొత్తం షాపువాణ్ణి తగ్గించమనండి. కొనేముందు కుర్చీ తిరగేసి కంపెనీ ముద్ర ఉందో లేదో చూడండి. చేతులు పట్టుకుని ఊపితే అతుకుల దగ్గర కదలకూడదు. కదిలితే మాత్రం వదిలేయండి, అల్లిక ఖర్చుతో పోయేది కాదది.

ఇంటికొచ్చాక బాగా పిండిన గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి, చాలు. హీటర్ పక్కన వేయకండి. పసుపు మరక పడితే వదలదు, కాబట్టి పిల్లల్ని అందులో కూర్చుని అన్నం తిననివ్వకండి.