యుద్ధంపై విలేకరి సొంత అభిప్రాయం చెప్పకూడదా?

ప్రశ్న (జర్నలిజం విద్యార్థిని)

2003 మార్చిలో అమెరికా ఇరాక్‌పై దాడి మొదలుపెట్టినప్పుడు, శాన్ ఫ్రాన్సిస్కో క్రానికల్‌లో సాంకేతిక విషయాలపై కాలమ్ రాసే హెన్రీ నార్ యుద్ధ వ్యతిరేక ప్రదర్శనలో అరెస్టయ్యారు. పత్రిక ఆయన్ను మొదట సస్పెండ్ చేసి, ఏప్రిల్‌లో ఉద్యోగం నుంచి తొలగించింది. వార్తా విభాగం సిబ్బంది యుద్ధానికి సంబంధించిన బహిరంగ రాజకీయ కార్యక్రమాల్లో పాల్గొనరాదని కూడా నిబంధన పెట్టింది. కంప్యూటర్ల గురించి రాసే మనిషికి యుద్ధంపై ఒక అభిప్రాయం ఉంటే పాఠకుడికి వచ్చే నష్టమేమిటో నాకు బోధపడడం లేదు. డెస్కులో పనిచేసిన పెద్దలు ఎవరైనా వివరించగలరా?

జవాబు (విశ్రాంత సబ్‌ఎడిటర్)

అమ్మా, యుద్ధ వార్తలు రాసే విలేకరికి సైన్యం ప్రతినిధీ సమాచారం ఇవ్వాలి, బాంబు పడిన ఇంటివారూ నోరు విప్పాలి. అతను ఫలానా పక్షమని ముందే తెలిసిపోతే, రేపు అతను కష్టపడి సేకరించిన మృతుల సంఖ్య అక్షరాలా నిజమైనా అవతలివారు దాన్ని సులువుగా కొట్టిపారేస్తారు. వియత్నాం వార్తలకు 1966లో పులిట్జర్ బహుమతి అందుకున్న పీటర్ ఆర్నెట్, ఇరాక్ ప్రభుత్వ టీవీలో అమెరికా తొలి యుద్ధ వ్యూహం విఫలమైందని చెప్పినందుకు అమెరికా టీవీ సంస్థ ఎన్‌బీసీ ఆయన్ను తీసేసింది. ఆ మాట ఆయన తన వార్తా కథనంలో ఆధారాలతో చెప్పి ఉండవలసింది, యుద్ధంలో ఉన్న ఒక ప్రభుత్వపు టీవీలో కాదు. అయితే అదే కొలతతో కంప్యూటర్ల కాలమిస్టును కొలవడం నాకు సమ్మతం కాదు.

జవాబు (మరో పాఠకుడు)

పెద్దాయన చెప్పినది సబబే కానీ, ఈ నిబంధన ఆచరణలో ఒక పక్కకే ఒరుగుతుంది. న్యూయార్క్ టైమ్స్ విలేకరి క్రిస్ హెడ్జెస్ 2003 మేలో ఇల్లినాయిలోని ఒక కళాశాల స్నాతకోత్సవంలో ఇరాక్ యుద్ధాన్ని విమర్శిస్తే, పత్రిక ఆయన్ను మందలించింది. అదే పత్రిక 2002 సెప్టెంబరు 8న, ఇరాక్ కొనజూసిన అల్యూమినియం గొట్టాలు అణ్వాయుధాల కోసమేనని అధికారులు నమ్ముతున్నట్లు మొదటి పేజీలో రాసింది. ఆ రోజే ఉపాధ్యక్షుడు డిక్ చెనీ టీవీలో ఆ కథనాన్నే సాక్ష్యంగా చూపారు. ఆ ఆయుధాలు దొరకలేదు. తమ కథనాల్లో కొన్నింటిని తగినంత గట్టిగా పరిశీలించలేదని 2004 మేలో పత్రికే ఒప్పుకుంది. వేదికపై బాహాటంగా చెప్పిన అభిప్రాయాన్ని శ్రోతలు అభిప్రాయంగానే తీసుకుంటారు, నచ్చకపోతే కేకలు వేస్తారు, హెడ్జెస్‌పై వేశారు కూడా. పేరు చెప్పని అధికారి నమ్మకం వార్త రూపంలో వచ్చినప్పుడు పాఠకుడికి ఆ అవకాశమే ఉండదు.

జవాబు (విశ్రాంత సబ్‌ఎడిటర్)

ఈ మాటతో నేను ఏకీభవిస్తున్నాను. 1968 ఫిబ్రవరిలో అమెరికా టీవీ వార్తా వ్యాఖ్యాత వాల్టర్ క్రాంకైట్ వియత్నాం నుంచి తిరిగి వచ్చి, ఆ యుద్ధం ప్రతిష్టంభనలో చిక్కుకుందని సీబీఎస్ టీవీలో చెప్పే ముందు, ఇది తన వ్యక్తిగత అంచనా అని స్పష్టం చేశారు. పత్రికలు కూడా విలేకరి నోరు కట్టేయకుండా, సంపాదకీయ పేజీలో అతని పేరుతోనే అభిప్రాయానికి చోటివ్వాలి. వార్తా పేజీలో మాత్రం అధికారి మాటకైనా రెండో ఆధారం అడగాలి.